పెట్టె మీద చాప్లిన్ పేరు, లోపల ఎరిక్ క్యాంప్‌బెల్

ఫ్లికర్ ఆలీ సంస్థ 2014లో విడుదల చేసిన ‘చాప్లిన్స్ మ్యూచువల్ కామెడీస్’ అనే డిస్కుల పెట్టెను నేను కొన్నది అందరిలాగే చాప్లిన్ కోసం. ఇంటికి వచ్చిన కొత్తలో రెండుసార్లు వరుసగా చూశాను. మూడోసారి చూడటం మొదలుపెట్టినప్పుడు నా చూపు చాప్లిన్ మీద నిలవలేదు. ఆయన ఎదుట కొండలా నిలబడి, కనుబొమలు పైకి తిప్పుకొని, గడ్డం నిక్కించుకొని గుడ్లురుముతున్న ఆ భారీ మనిషి మీదనే ఆగిపోయింది. ఆయన పేరు ఎరిక్ క్యాంప్‌బెల్. ఈ పెట్టెలోని పన్నెండు చిత్రాల్లో పదకొండింటిలో ఆయన ఉన్నాడు. మిగిలిన ఒక్కటీ ‘వన్ ఎ.ఎం.’ అనే చిత్రం, అందులో చాప్లిన్ దాదాపు ఒంటరిగా నటించాడు కాబట్టి ఆయనకు చోటు లేకపోయింది. అట్ట మీద ఆయన పేరు పెద్దగా కనిపించకపోయినా, ఒక ఇంగ్లీషు క్యారెక్టర్ నటుడి సినిమా జీవితంలో మనకు దక్కిన సారమంతా ఈ ఒక్క పెట్టెలో ఉన్నదని గ్రహించిన తరువాత దీన్ని గురించి రాయకుండా ఉండలేకపోయాను.

ముందు పెట్టె సంగతి చెబుతాను. లోహపు డబ్బాలో ఐదు డిస్కులు ఉంటాయి. రెండు బ్లూరేలు, మూడు డీవీడీలు. రెండింటిలోనూ ఉన్నవి అవే చిత్రాలు కనుక బ్లూరే ప్లేయరు లేనివారు కూడా నిరాశ పడనక్కరలేదు. వెంట ఒక చిన్న పుస్తకం, రెండు డాక్యుమెంటరీలు ఉన్నాయి. విదేశాల నుంచి తెప్పించుకోవాలి కాబట్టి మన రూపాయల్లో ధర తక్కువేమీ కాదు. నాకు వచ్చిన డబ్బా ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది. అమ్మిన దుకాణానికి రెండు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు, కాని డిస్కుల మీద గీత కూడా పడలేదు కనుక ఆ విషయాన్ని అక్కడితో వదిలేశాను.

1916 ఫిబ్రవరిలో మ్యూచువల్ సంస్థతో చాప్లిన్ కుదుర్చుకున్న ఒప్పందం ఆ రోజుల్లో లోకమంతా చెప్పుకున్నది. వారానికి 10,000 డాలర్ల జీతం, దానిపై 1,50,000 డాలర్ల బోనసు, వెరసి ఏడాదికి 6,70,000 డాలర్లు. అందుకు బదులుగా ఆయన రెండేసి రీళ్ల చిత్రాలు పన్నెండు తీసి ఇవ్వాలి. మొదటిది 1916 మే 15న, చివరిది 1917 అక్టోబరు 22న విడుదలయ్యాయి. అంటే మొత్తం పదిహేడు నెలల పని. చాప్లిన్‌కు అది జీవితంలో ఒక అధ్యాయం మాత్రమే, ఆ తరువాత ఆయనకు ఇంకా యాభై ఏళ్ల సినిమా మిగిలి ఉంది. క్యాంప్‌బెల్‌కు మాత్రం తెర మీద పేరు నిలిచిందంతా ఆ పదిహేడు నెలల్లోనే. ఈ సంగతి మనసులో పెట్టుకొని చూస్తే పెట్టెలోని చిత్రాల వరుసే వేరుగా కనిపిస్తుంది.

ఇద్దరూ ఇంగ్లండు నాటకరంగం నుంచి వచ్చినవారే. ఫ్రెడ్ కార్నో నడిపిన హాస్య నాటక బృందంలో ఇద్దరూ పని చేశారు. మాట అవసరం లేకుండా దేహంతోనే కథ చెప్పడం, పడటంలో కూడా తాళం తప్పకపోవడం, ఎదుటివాడి దెబ్బకు సరిగ్గా అరక్షణం ముందు సిద్ధంగా ఉండటం ఆ బృందంలో నేర్పే విద్య. క్యాంప్‌బెల్ 1914లో అమెరికా చేరి న్యూయార్కు రంగస్థలం మీద నటిస్తూ ఉండగా 1916లో చాప్లిన్ ఆయనను తన బృందంలోకి తీసుకున్నాడు. ఎత్తు ఆరడుగుల ఐదు అంగుళాలు, బరువు దాదాపు 300 పౌండ్లు, అంటే మన లెక్కలో 136 కిలోలకు దగ్గర. పిట్టంత చాప్లిన్ పక్కన ఆ ఆకారం నిలబడితే కథ చెప్పనవసరం లేకుండానే సగం నవ్వు పుట్టేది. అయితే ఆకారం ఒక్కటే చాలదని ఈ చిత్రాలను శ్రద్ధగా చూసినవారికి తెలుస్తుంది. అదే ఈ పెట్టె నాకు చేసిన అసలు మేలు.

పాత ప్రింట్లలో ఆ సంగతి ఎందుకు తెలియలేదో చెప్పాలి. మ్యూచువల్ చిత్రాల నెగెటివ్‌ల నుంచి లెక్కలేనన్ని ప్రింట్లు తీయడంతో అవి అరిగిపోయాయి. 1930ల మొదట్లో వాన్ బ్యూరెన్ సంస్థ వాటి హక్కులు కొని, సంగీతమూ చప్పుళ్లూ జోడించి టాకీల కాలంలో మళ్లీ విడుదల చేసింది. ఫిల్ము అంచున శబ్దపు పట్టీకి చోటు కావాలి కదా, అందుకోసం మూకీ చిత్రానికి ఎడమ వైపున కొంత భాగం కోత పడింది. పైగా చేతితో తిప్పే కెమెరాతో తక్కువ వేగంలో తీసిన బొమ్మను టాకీ వేగంలో ఆడించడంతో మనుషులందరూ కాలిన కాళ్ల పిల్లుల్లా పరుగులు తీశారు. మనలో చాలామంది చిన్నప్పుడు టీవీలో చూసినవి అలాంటి ప్రింట్లే. వాటిలో క్యాంప్‌బెల్ ముఖం ఒక తెల్లని మచ్చ, దాని మీద రెండు నల్లని గీతలు. నటన ఎక్కడ కనిపిస్తుంది?

పారిస్‌లోని లోబ్‌స్టర్ ఫిల్మ్స్, ఇటలీలోని చినెటెకా ది బొలోనా కలిసి పలు దేశాల ఆర్కైవుల్లో దొరికిన 35 మిల్లీమీటర్ల ప్రింట్లను పోల్చి, మంచి ముక్కలు ఏరి, ఒక్కో చిత్రాన్ని తిరిగి కూర్చాయి. ఫలితం అన్ని చిత్రాలకూ ఒకేలా లేదు. కొన్నిచోట్ల ఒక షాటు అద్దంలా ఉండి, తరువాతి షాటు మసకబారుతుంది. వేరువేరు ప్రింట్ల నుంచి అతికినప్పుడు అది తప్పదు, ఆ మసకను మరీ రుద్ది ప్లాస్టిక్ బొమ్మల్లా చేయకుండా వదిలినందుకు నేను సంతోషిస్తున్నాను. వేగం మనిషి నడకకు దగ్గరగా ఉంది. సంగీతం పలువురు సమకూర్చారు కాబట్టి కొన్ని చిత్రాలకు చక్కగా అమరింది, కొన్నింటికి అవసరానికి మించి మోగింది.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగుగా విడదీస్తుంది. మూకీ నటుడికి వాచికం లేదు. క్యాంప్‌బెల్‌కు ఆహార్యం పుష్కలంగా ఉంది. చిత్రం చిత్రానికీ గడ్డం మారుతుంది, మీసం మారుతుంది, కనుబొమల కోణం మారుతుంది. ఆంగికం ఆయన ఆస్తి. వీటి వెనుక సాత్వికం కూడా ఉందని, అంటే లోపలి భావం కళ్లలోకి రావడం ఆయనకు తెలుసునని, ఈ స్పష్టమైన ప్రింట్లు వచ్చేదాకా నాకు తెలియలేదు. ఇందుకు ‘ది క్యూర్’లోని ఒక చిన్న ఘట్టమే ఉదాహరణ. గౌటు జబ్బుతో ఒక కాలికి పెద్ద కట్టు కట్టుకున్న కోపిష్టి ధనికుడిగా ఆయన ఒక పక్క కూర్చుంటాడు, ఇంకొక పక్క ఈ చిత్రాల నాయిక ఎడ్నా పర్వియన్స్ కూర్చుంటుంది, మధ్యలో చాప్లిన్ ఉంటాడు. క్యాంప్‌బెల్ ఆ అమ్మాయిని చూసి కన్ను గీటుతాడు. అది తనకేనని చాప్లిన్ అనుకొని సిగ్గుపడి వయ్యారాలు పోతాడు. పాత ప్రింటులో చాప్లిన్ సిగ్గు మాత్రమే కనబడేది. ఇప్పుడు క్యాంప్‌బెల్ కళ్లు చూడండి. అంత లావు మనిషి ముఖంలో ఒక ముసలి రసికుడి ఆశ మెల్లగా వెలిగి, మధ్యలో అడ్డున్నవాడి చేష్టలు అర్థం కాక తికమకై, చివరకు మంటగా మారడం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్లు లేకపోతే చాప్లిన్ సిగ్గుకు అంత నవ్వు రాదు.

ఇంకో ఉదాహరణ ‘ది రింక్’లోనిది. స్టౌట్ అనే పెద్దమనిషిగా క్యాంప్‌బెల్ హోటల్లో భోజనం ముగిస్తాడు. వెయిటరుగా ఉన్న చాప్లిన్ బిల్లు రాయడానికి ఆయన ఏమేమి తిన్నాడో ఆయన బట్టల మీది మరకలను చూసి లెక్క కడతాడు. ఇక్కడ క్యాంప్‌బెల్ చేయవలసిన పని కదలకుండా కూర్చోవడం. ఆయన కూర్చున్న తీరులో తిన్న తృప్తి, తన మీద ఎవరో వెతుకుతున్నారన్న చిరాకు, పెద్దమనిషిగా ఆ చిరాకును బయటపెట్టకూడదన్న పట్టుదల మూడూ ఉన్నాయి. ఆ తరువాత చక్రాల బూట్లు తొడుక్కొని రింకులోకి దిగినప్పుడు ఆ మనిషి పడే తీరు చూడండి. అంత బరువు నేల మీద పడటం ప్రమాదమే అయినా ప్రతి పతనమూ కొలిచినట్టు ఉంటుంది.

‘ఈజీ స్ట్రీట్’ గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 1917 జనవరిలో విడుదలైన ఈ చిత్రంలో ఆయన వీధి రౌడీ. చాప్లిన్ చిన్ననాటి దక్షిణ లండన్ సందులను గుర్తుకు తెచ్చే సెట్టులో, పోలీసులనే తరిమికొట్టే ఆ రౌడీ ఎదుటికి కొత్త కానిస్టేబులుగా చాప్లిన్ వస్తాడు. తన బలం ఎంతో చూపడానికి రౌడీ వీధిలోని గ్యాసు దీపస్తంభాన్ని రెండు చేతులతో వంచుతాడు. అదే అదనుగా చాప్లిన్ ఆయన వీపు మీదికి ఎగిరి, దీపపు గూడును ఆయన తలకు తొడిగి గ్యాసు తిప్పేస్తాడు. స్పృహ తప్పుతున్న మనిషి నాడి పట్టుకు చూసి, వైద్యుడిలా ఆలోచించి, ఇంకొంచెం గ్యాసు ఇస్తాడు. ఈ ఘట్టం తీస్తుండగా స్తంభం తగిలి చాప్లిన్ ముక్కుకు దెబ్బ తగలడంతో చిత్రీకరణ కొన్నాళ్లు ఆగింది.

మా మేనకోడలు తొమ్మిదేళ్ల పిల్ల. దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని ఈ చిత్రం చూపించాను. అది చాప్లిన్‌ను చూసి నవ్వింది గాని, స్తంభం వంగినప్పుడు మాత్రం నవ్వు ఆపేసి, “మావయ్యా, ఆయన నిజంగానే వంచేశాడా?” అని అడిగింది. అది వంగేలా తయారుచేసిన స్తంభమని చెప్పాను. అది ఒప్పుకోలేదు. “మరి చేతులు వణికాయిగా!” అంది. రిమోటుతో వెనక్కి తిప్పి చూశాను. పిల్ల చెప్పింది నిజం. మెత్తని స్తంభాన్ని ఇనుపదిగా మనచేత నమ్మించడానికి ఆయన భుజాల్లో, ముంజేతుల్లో, మెడ నరాల్లో బరువు మోస్తున్నాడు. నూరేళ్లు దాటిన తరువాత కూడా ఒక పిల్లను నమ్మించగలిగిన ఆ శ్రమను నేను అప్పటిదాకా గమనించనే లేదు.

‘ది ఇమిగ్రెంట్’లో ఆయన హెడ్ వెయిటరు. బిల్లుకు పది సెంట్లు తగ్గిన ఒక అతిథిని వెయిటర్లందరూ కలిసి చితకబాదడం చూసిన చాప్లిన్ తన జేబు తడుముకొంటే చిల్లు తప్ప నాణెం ఉండదు. దొరికిన మరో నాణేన్ని క్యాంప్‌బెల్ పంటితో కొరికి చూస్తే అది వంగిపోతుంది. ఈ పాత్రను మొదట తన బృందంలోని మరో నటుడు హెన్రీ బెర్గ్‌మన్‌తో కొంత చిత్రీకరించి, తృప్తి పడని చాప్లిన్ క్యాంప్‌బెల్‌తో మళ్లీ తీశాడు. కెవిన్ బ్రౌన్‌లో అనే సినిమా చరిత్రకారుడు, డేవిడ్ గిల్ కలిసి 1983లో నిర్మించిన ‘అన్‌నోన్ చాప్లిన్’ అనే ధారావాహికలో ఆ వాడని ముక్కలు ఉన్నాయి. అది ఈ పెట్టెలో లేదు, విడిగా సంపాదించుకోవాలి. రెండూ పక్కపక్కన చూస్తే క్యాంప్‌బెల్ విలువ తేటతెల్లమవుతుంది. బెర్గ్‌మన్ మంచి నటుడే, కాని ఆయన వెయిటరైతే బిల్లు కట్టలేకపోవడం ఒక ఇబ్బందిగా మాత్రమే మిగులుతుంది. క్యాంప్‌బెల్ వెయిటరైతే అది ప్రాణభయమవుతుంది. ఆ భయం నుంచే ఆ ఘట్టంలోని నవ్వంతా పుడుతుంది.

మిగిలిన చిత్రాల్లో ఆయన పాత్రలన్నీ ఇంత బలమైనవి కావు. ‘ది పాన్‌షాప్’లో దొంగగా చివరలో వచ్చి దెబ్బ తిని పడిపోతాడు, అంతే. ‘ది ఫైర్‌మన్’లోని అగ్నిమాపక అధికారి, ‘ది వాగబాండ్’లోని జిప్సీ నాయకుడు కొరడా, కోపం మించి సాగరు. ‘ది ఫ్లోర్‌వాకర్’లో దుకాణం మేనేజరుగా చాప్లిన్‌ను ఒంటిచేత్తో మెడ పట్టి పైకెత్తే దృశ్యం మాత్రం మరచిపోలేనిది. ‘బిహైండ్ ది స్క్రీన్’లో ఆయన పేరే గొలియాత్, చాప్లిన్ పేరు డేవిడ్. మగపిల్లాడి వేషంలో ఉన్న ఎడ్నాను చాప్లిన్ ముద్దు పెట్టుకోవడం చూసి, ఇద్దరూ మగవాళ్లే అనుకొన్న గొలియాత్ వెక్కిరిస్తూ తేలికగా గెంతుతూ ఆడతాడు. వెక్కిరింతలోని భావం ఈనాటి మనకు నచ్చకపోవచ్చు. ఆ కాళ్లలోని తేలిక మాత్రం ఆశ్చర్యపరుస్తుంది.

పెట్టెలోని డాక్యుమెంటరీల్లో ఒకటి, కెవిన్ మక్‌డొనాల్డ్ 1996లో తీసిన ‘చాప్లిన్స్ గొలియాత్’, పూర్తిగా క్యాంప్‌బెల్ గురించే. ఒక సహాయ నటుడి జీవితానికి దాదాపు గంట సేపు కేటాయించిన ఆ శ్రద్ధకు నమస్కరించాలి. అయితే ఒక లోపం ఉంది. క్యాంప్‌బెల్ తాను స్కాట్లండులోని డనూన్‌లో పుట్టానని చెప్పుకొనేవాడు, చిత్రం ఆ మాట మీదనే నిలబడి ఆయనను స్కాట్లండు బిడ్డగా చూపిస్తుంది. తరువాతి పరిశోధన ఆయన ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతంలో, సేల్ అనే ఊళ్లో పుట్టాడని తేల్చింది. 2014లో విడుదల చేస్తున్నప్పుడు ముందు ఒక వాక్యం చేర్చి ఉంటే కొనుక్కున్నవారు పొరపాటు పడరు. రంగస్థలం మీద బతికినవారు తమ పుట్టుకను కూడా ఒక వేషంలా ధరించడం ఆ రోజుల్లో వింత కాదు, కాని సమాచారం ఇచ్చేవారు వేషానికీ మనిషికీ తేడా చెప్పాలి.

ఆ డాక్యుమెంటరీ చూడటానికి గుండె దిటవు చేసుకోవాలి. ‘ది ఇమిగ్రెంట్’ 1917 జూన్‌లో విడుదలయింది. జూలై 9న ఆయన భార్య గుండెపోటుతో మరణించింది. తల్లి కోసం సంతాప దుస్తులు కొనడానికి బయలుదేరిన పదహారేళ్ల కూతురు కారు కింద పడి తీవ్రంగా గాయపడింది. సెప్టెంబరులో, పరిచయమైన కొద్ది రోజులకే ఒక స్త్రీని ఆయన పెళ్లి చేసుకున్నాడు. రెండు నెలలు తిరగకముందే ఆమె విడాకులకు కోర్టుకెక్కింది. డిసెంబరు 20 తెల్లవారుజామున, ఒక విందు నుంచి మద్యం మత్తులో తిరిగి వస్తూ లాస్ ఏంజెలెస్‌లోని విల్షైర్ బులేవార్డ్ మీద కారు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏడేళ్లు. చితాభస్మాన్ని తీసుకోవడానికి ఎవరూ రాకపోవడంతో అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, చివరకు 1952లో రోజ్‌డేల్ శ్మశానంలో మట్టికి చేరింది.

ఇదంతా తెలిసిన తరువాత ఆఖరి చిత్రం ‘ది అడ్వెంచరర్’ను మామూలుగా చూడటం కష్టం. భార్య పోయిన వేసవి తరువాత అక్టోబరులో అది విడుదలైంది. అందులో ఆయన ఎడ్నాను పెళ్లాడదలచిన ధనికుడు. జరిపే తలుపుల మధ్య ఆయన తల ఇరుక్కుంటుంది. మెడ అటు, మొండెం ఇటు. చాప్లిన్ తలుపును నొక్కి పట్టుకుంటాడు. ఆ పెద్ద ముఖం ఉబ్బి, కళ్లు బయటికొచ్చి, గడ్డం నిలువునా లేస్తుంది. మా మేనకోడలు ఇక్కడ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వించడమే వృత్తిగా ఎంచుకున్న ఆ మనిషికి మనం ఇవ్వగలిగిన గౌరవం అదే కనుక, ఆ నవ్వును ఆపుకోవలసిన పని లేదని నాకు అనిపించింది.

చాప్లిన్ ఆ తరువాత అంతటి ప్రతినాయకుణ్ణి మళ్లీ సంపాదించుకోలేదు. తన తొలినాళ్ల తోడు మాక్ స్వెయిన్‌ను 1921 నుంచి మళ్లీ పిలిచి, ‘ది గోల్డ్ రష్’లో పెద్ద పాత్ర ఇచ్చాడు. స్వెయిన్ కూడా భారీ మనిషే, గొప్ప నటుడే, అయితే ఆయన ముఖంలో ఉన్నది మంచితనం. క్యాంప్‌బెల్ తెచ్చిన బెదురు స్వెయిన్‌కు రాదు.

కొనదలచినవారికి నా సలహా ఇది. మొదటి విడత లోహపు డబ్బా పరిమిత సంఖ్యలోనే వచ్చింది కాబట్టి దాని కోసం ఎక్కువ ధర పెట్టకండి, లోపలి చిత్రాలే ముఖ్యం. తెలుగు ఉపశీర్షికలు లేవు, అయినా ఇంగ్లీషు అక్షరపు పలకలు చాలా తక్కువ, చదవలేని పెద్దవారికి పక్కన కూర్చొని ఒక్క ముక్క చెబితే సరిపోతుంది. డిస్కు వరుసలో కాకుండా ముందుగా ‘ఈజీ స్ట్రీట్’, ఆ పైన ‘ది ఇమిగ్రెంట్’, ‘ది రింక్’, ‘ది క్యూర్’ చూసి, తరువాత డాక్యుమెంటరీ పెట్టండి. ‘ది అడ్వెంచరర్’ను మాత్రం అన్నిటికన్నా చివరకు ఉంచుకోండి, చూసేటప్పుడు ఒక్కసారైనా చాప్లిన్‌ను వదిలేసి తలుపు అవతలి ముఖాన్నే చూడండి.